మా పాఠశాలలో బొంతల ప్రదర్శనము

తెలుగువారికి ఒక దానిని హీనపఱచి మాటలాడవలెననిన “అతుకుల బొంత” యను మాట సిద్ధముగా నుండును. పొందికలేని వ్యాసము, పలు పక్షములు కూడి నిలిపిన ప్రభుత్వము, గుంతలు పూడ్చిన రోడ్డు, అన్నియు నతుకుల బొంతలే. ఈ మాట వాడువారిలో ఎందఱు బొంతను చేతులార కుట్టియుందురు? కుట్టకపోయినను ఎందఱు దానిని వెలుతురులో పఱచి తేఱిపాఱ జూచియుందురు? చూచినవారు దీనిని నిందకు వాడజాలరని మా నమ్మకము. ఆ నమ్మకముతోనే గడచిన శీతకాలమున, సంక్రాంతి సెలవులకు ముందు, మా పాఠశాల పెద్దగదిలో మూడు దినములు బొంతల ప్రదర్శనము జరిపితిమి. దానిని గూర్చి వార్షిక పత్రికకు వ్రాయుమని ప్రధానోపాధ్యాయులవారు కోరినందున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గోదావరిఖని యనినచో బయటివారికి మొదట తలపునకు వచ్చునది యెండ. బొగ్గునేలలో, ఇంత మండుటెండలో బొంత యెందులకని యొక మిత్రుడు నగరమునుండి వ్రాసెను. మార్గశిర పుష్యమాసములలో రాత్రి డ్యూటీ దిగి, గోదావరి గాలి కెదురుగా సైకిలు త్రొక్కుకొనుచు నిల్లు చేరు కార్మికు నడిగినచో సమాధానము దొరకును. బొంత కప్పుకొనుటకు మాత్రమే గాదు. నులకమంచముమీద పఱచుటకు, ఉయ్యెలలో పసిబిడ్డక్రింద మెత్తగా వేయుటకు, వడియములు పోయునపుడు చీరక్రింద దాపుగా నుంచుటకు నిది పనికివచ్చును. రాత్రి షిఫ్టు చేసివచ్చి పగలు నిద్రించువారి కొఱకు కిటికీకి బొంత వ్రేలాడగట్టి గది చీకటి చేయుటను మేమీ కాలనీలలోనే చూచితిమి. అట్టి యిండ్లలో పిల్లలు మధ్యాహ్నము గుసగుసలతో నాడుకొందురు.

మన పట్టణము పాతది కాదు. 1871లో డాక్టరు విలియం కింగు ఇల్లెందు దాపున బొగ్గును గనుగొనుట, 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడుట, 1920లో నది సింగరేణి కాలరీసు కంపెనీగా మాఱుట మన విద్యార్థు లెఱిగినదే. ఇచ్చటి గనులు మాత్రము 1960 ప్రాంతమున దెఱవబడినవి. అంతకు ముందు పొలములు, పొదలు నుండినచోటికి కరీంనగరు, వరంగల్లు, ఆదిలాబాదు పల్లెలనుండి జనులు పనికై వచ్చిరి. కోస్తా జిల్లాలనుండియు వచ్చిరి. వచ్చినవారిచేత నొక రేకుపెట్టె, నాలుగు గిన్నెలు, చుట్టగా చుట్టి త్రాటితో గట్టిన యొక బొంత యుండెనని పెద్దలు చెప్పుదురు. ఆ బొంత యింటిలో దల్లియో, అత్తయో కుట్టినది. కావున ఈ యూరిలో బొంతలు ఊరికంటె పాతవి.

బొంత కుట్టు విధము పల్లెపల్లెకు గొంత మాఱును. మా పిల్లలకు నేర్పుటకు వచ్చిన యవ్వ చేసిన విధము నిచ్చట వ్రాయుదుము. ఆమెకు డెబ్బది దాటినవి. దారము నెక్కించుటకు మనుమరాలి కన్నులు కావలెను గాని కుట్టుటకు దన చేతివ్రేళ్లే చాలును. మొదట పాత చీరలు, పంచెలు, దుప్పట్లు ఉతికి గంజి పోవునట్లు జాడించి యెండబెట్టవలెను. చినిగిన భాగములు తీసివేసి గట్టిగా నున్నవాటిని ముక్కలు చేయవలెను. ఊడ్చి తుడిచిన నేలమీద మంచి చీర నొకదానిని పఱచి, దానిపై ముక్కలను పొరలుపొరలుగా నాలుగైదు వరుసలు పేర్చి, పైన మఱియొక చీరను గప్పి, ముడుతలు లేకుండ నరచేతితో నిమురవలెను. నాలుగు మూలల నాలుగు చెంబులో, రాళ్లో బరువు పెట్టవలెను. తరువాత నంచులు లోపలికి మడిచి చుట్టును కుట్టి, దబ్బనముతో, జంటదారముతో నొక కొననుండి వరుసలు సాగింపవలెను. కొందఱు అడ్డముగా, నిలువుగా కుట్టుదురు. మా యవ్వ మాత్రము అంచునుండి లోపలికి చతురస్రములోన చతురస్రముగా గుట్టుచు వచ్చి నడుమ ముగించును. కుట్టుచున్న పిల్లలను జూచి ఆమె మాటిమాటికి నొకటే చెప్పుచుండెను: “దారం గుంజి గుంజి పట్టకు బిడ్డా, బొంత ముడుసుకుంటది.” మొదటివారము మా విద్యార్థినులు కుట్టినవన్నియు నప్పడములవలె ముడుచుకొనినవి.

గణితోపాధ్యాయుడు దీని నొక లెక్కగా మార్చి యెనిమిదవ తరగతి కిచ్చెను. ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల బొంతలో అంగుళమున కొక వరుస చొప్పున 60 వరుసలు; ఒక్కొక్క వరుస 72 అంగుళములు; మొత్తము 4,320 అంగుళములు, అనగా 120 గజముల కుట్టు. అంగుళమునకు రెండు కుట్లని యెంచినను 8,640 సారులు దబ్బన మైదాఱు పొరలు దూఱి రావలెను. జంటదారము, పైకి క్రిందికి పోవు వంపులు చేర్చినచో దారము ఇంకను హెచ్చు. లెక్క ముగిసిన తరువాత నొక పిల్లవాడు లేచి, “మా అమ్మ ఇట్లాంటివి అయిదు కుట్టినదండీ” యనెను. తరగతి కొంచెము సేపు నిశ్శబ్దముగా నుండెను.

ప్రదర్శనమునకు బొంతలు సేకరించుట మే మనుకొన్నంత సులభము కాలేదు. పిల్లలద్వారా ఇండ్లకు చీట్లు పంపితిమి. వారము దినములలో క్రోషియా బల్లగుడ్డలు పండ్రెండు, ప్లాస్టికు తీగెల సంచులు తొమ్మిది, గాజుపూసల గుమ్మపు తెర యొకటి వచ్చినవి, బొంతలు మూడు. కారణ మడుగుటకు నాలుగిండ్లకు బోయితిమి. ఒక తల్లి తలుపు సగము దెఱచి మాటలాడెను.

“గిది సూపిచ్చేటిదా టీచరమ్మా? గిది సూస్తె మేమెంత గరీబోళ్ళమో ఊరంత ఎరుకైతది. కావాలంటె కొత్త చెద్దరున్నది, గది తీస్కపోండ్రి.”

ఆమె చూపినది సోలాపురపు చెద్దరు, మంచిదే. దానిని నేయువారిలో పలువురు మన తెలంగాణమునుండి వలసవెళ్లిన పద్మశాలీలే యను సంగతి చెప్పి వచ్చితిమి గాని, చెద్దరు తీసికొని రాలేదు. ఆమె మాటలో నిజము లేకపోలేదు. బొంత లేమికి బుట్టినది. పాత చీర పాఱవేయగలిగినవా రెవ్వరును దానిని పొరలు చేసి కుట్టరు. పేదఱికమును వేడుకగా జూపుట మాకును సమ్మతము గాదు. కాని లేమికి బుట్టినదంతయు సిగ్గుపడదగినదని యొప్పుకొనజాలము. ఆ తల్లి కుట్టిన వరుసలు తలుపు సందునుండి కనబడినంతమట్టునకు నూలుబద్ద పెట్టి గీచినట్లుండెను.

చిక్కు విడదీసినది మా పాఠశాల ఆయా. ఒక యుదయము తన యింటి బొంతను దెచ్చి, యెవ్వరి నడుగక, వరండా పిట్టగోడమీద నార వేసెను. ఎఱ్ఱ అంచులు, పసుపు ముక్కలు, నడుమ నొక నల్లచీర కొంగు. ఎండలో నది చూచువారి నాపెను. బడికి పిల్లలను దింపవచ్చిన తల్లులు దానిచుట్టు గూడి “ఇది ఫలానా సంతల కొన్న చీర, ఇది ఫలానా రకము” అని గుర్తులు చెప్పుకొనసాగిరి. మరునాటినుండి మూటలు రాసాగినవి. చివరకు 41 బొంతలు చేరినవి. తలుపు సగము దెఱచిన తల్లిది మాత్రము రాలేదు.

పెద్దగదిలో త్రాళ్లు కట్టి వాటిని వరుసలుగా వ్రేలాడవేసితిమి. వాటిని పాతవి, క్రొత్తవి యని గాక, అందలి గుడ్డలు ఎచ్చటినుండి వచ్చినవో దానినిబట్టి యమర్చితిమి. వాకిలి దగ్గఱ పురిటి బొంతలు. ఇవి చిన్నవి, మిక్కిలి మెత్తనైన, అనేక పర్యాయములు ఉతికిన పాతచీరలతోనే చేయబడినవి, కుట్టు బిడ్డకు గుచ్చుకొనకుండునట్లు అంచు రెండుసారులు మడువబడినవి. తరువాత పెండ్లిచీరలు చేరిన బొంతలు. వీటిలో నొకదాని నడుమ సిద్దిపేట గొల్లభామ యుండెను. తలపై కుండతో, చేత పాత్రతో నడచు నా చిన్న బొమ్మలను చిక్కగా కుట్టుటకు మనసురాక, వాటిని విడిచి చుట్టును మాత్రమే కుట్టినారు. అందుచే నైదు గొల్లభామలు ఉబ్బి, ప్రాణమున్నట్లు కనబడినవి. చరిత్రోపాధ్యాయుని కన్ను దానిమీదనే నిలిచెను. ఓపెన్‌కాస్టు గనులకై తరలిన పల్లెలనుండి వచ్చిన బొంతలు నాలుగు. వాటిని దెచ్చినవా రవి కుట్టిన యింటిని, వాకిటిని, వేపచెట్టును వర్ణించి చెప్పిరి. ఇప్పు డాచోట లోతైన గోతియు, మట్టిదిబ్బయు నున్నవి. లంబాడి తండానుండి వచ్చిన యొక విద్యార్థిని తల్లి కుట్టిన దానిలో అద్దములు, గవ్వలు నుండుటచే దానిని కప్పుకొనుట సాధ్యముగాదు; అయినను పిల్లలందఱు దానిచుట్టే చేరిరి.

కిటికీవైపు పని బట్టల బొంతలు. గనిలో తొడిగిన చొక్కాలను ఎన్నిమాఱు లుతికినను కుట్లసందులలో బొగ్గు నిలిచియుండును. వీటిలో నొకటి మా పాఠశాల విద్యార్థి యొకని యింటిది. అతని తండ్రి కాలము చేసి నాలుగేండ్లయినది. తల్లి యాయన డ్యూటీ చొక్కాలు ఏడింటిని విప్పి, వెన్నుభాగము లొకవైపు, చేతులు వేఱొకవైపు పేర్చి, తన పాతచీరను అడుగున వేసి కుట్టినది. గుండీలు తీసివేసినది గాని యొక జేబును విప్పక యట్లే నిలిపినది. ఏల విప్పలేదని యడిగితిమి. చిన్నవాడు రాత్రులు చేయి దానిలో బెట్టుకొని నిద్రపోవునని యామె చెప్పెను. బొంతను ప్రదర్శనమునకు ఇచ్చుట కొక్కటే షరతు: సాయంకాలము నాలుగు గంటలకు తిరిగి తీసికొనిపోవును; ఉదయము మరల దెచ్చును. అట్లే మూడు దినములు జరిగెను.

మూడవనాడు ముఖ్య అతిథి మిషను పనిమీద ఆలస్యమై అయిదు గంటలకు వచ్చెను. అప్పటి కా త్రాడుమీద ఆ మేర ఖాళీగా నుండెను. వేఱొక బొంతతో దానిని మూయుదమని కొందఱనిరి, ప్రధానోపాధ్యాయు లంగీకరింపలేదు. అతిథి ఆ ఖాళీ యెదుట నిలిచి కారణమడిగి, విని, తల యూపి, ముందునకు సాగెను.

ఆ బొంతను జూచినప్పుడు మాకు బైబిలులోని యొప్పే పట్టణపు తబిత జ్ఞప్తికి వచ్చెను. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో నామె మరణించినపుడు విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టియిచ్చిన అంగీలను, వస్త్రములను పేతురునకు చూపించిరని యున్నది. బట్టల నిట్లు పదిమందికి జూపుట నేటి వింత యని యనుకొనువా రా అధ్యాయమును మరల చదువుదురు గాక. అంత దూర మేల, 1942లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లెలో మిజూరీ పెట్‌వే యను నామె చనిపోయిన తన భర్త పొలముపని బట్టలను విప్పి యొక బొంత కుట్టెను. ఆ పల్లెవారు బానిసలుగా నుండిన నల్లజాతివారి సంతతి. చలికి తాళలేక, చినిగిన పనిబట్టలతో తరతరములుగ బొంతలు కుట్టుకొనినవారు. 1966లో అచ్చటి ప్రాంతపు స్త్రీలు సహకార సంఘముగా నేర్పడిరి. 2002లో హ్యూస్టను నగరపు చిత్రశాలలోను, తరువాత న్యూయార్కులోను వారి బొంతలు గోడల కెక్కినవి. 2006లో అమెరికా తపాలాశాఖ వాటిని పది బిళ్లలపై ముద్రించెను. మిజూరీ పెట్‌వేకును, మా విద్యార్థి తల్లికిని నడుమ సముద్రములున్నవి. ఒకరిమాట మఱియొకరు వినియుండలేదు. చేసినపని మాత్ర మొక్కటే.

మన దేశమునందును బంగాళాదేశపు కంథా కుట్టు ప్రసిద్ధము. కంథ యను మాట తెలుగున కన్యము కాదు. మన నిఘంటువులలో దానికి బొంత యనియే యర్థము. పల్లెలు తిరిగి ఆ కంథలను సేకరించినవాడు గురుసదయ దత్తు, కొలువున ఐ.సి.ఎస్. అధికారి, 1941లో గతించెను. ఆయన సేకరించినవి కలకత్తా దాపున జోకాలో ఆయన పేరనున్న వస్తుశాలకు చేరినవి. కర్ణాటకపు అడవులలో నివసించు సిద్దీ స్త్రీలు తమ బొంతను కవంది యందురు; నాలుగు మూలల మడిచిన గుడ్డపువ్వులు కుట్టనిదే యది పూర్తియైనట్లు కాదట. ఇది విని మా యవ్వ, “మేం గుడ పెడుతుంటిమి, ఇప్పుడెవలు పెడుతున్రు” అని, ఒక ముక్కను మడిచి పువ్వును జేసి చూపెను. తెలుగు దేశపు బొంతల నట్లు సేకరించిన దత్తు మనకు లేకపోయెను.

కుట్టు తరగతులు ప్రదర్శనమునకు ముందే యెనిమిది శనివారములు జరిగినవి. ఇరువదిరెండుగురు చేరిరి, అందు మగపిల్లలు ఏడుగురు. మగపిల్లలకు కుట్టు ఎందులకని యొక తండ్రి వచ్చి యడిగెను. దర్జీలు మగవారు కారా యని యవ్వయే యడుగగా నవ్వి వెళ్లెను. కచ్చాకుట్టు, గొలుసుకుట్టు, కాడకుట్టు పిల్లలు త్వరగానే నేర్చిరి. కష్టము వచ్చినది గుడ్డతోనే. పిల్లలు తెచ్చిన పాతచీరలలో ముప్పాతిక పాలియెస్టరువి. సిరిసిల్ల మరమగ్గములపై నేయునది పెక్కుమట్టునకు నదియే. 2017 మొదలు కొన్నియేండ్లు ప్రభుత్వము బతుకమ్మ పండుగకు పంచిన చీరలును అట్టివే. కట్టుకొనుట కవి తేలిక, ఉతుకుట సులభము, ఏండ్లు గడచినను చినుగవు. బొంతకు మాత్ర మవి పనికిరావు. పొరపై పొర జాఱును, దబ్బనము కీచుమనును, చెమట పీల్చవు. నూలుచీర పాతబడిన కొలది మెత్తనగును. ఇది పాతబడిన కొలది జిడ్డుగా మాత్రమే యగును. బొంత తగ్గుటకు అందఱును చెప్పు కారణము ఓపిక లేకపోవుట. మేము చూచినంతవఱకు అసలు కారణ మిది: పాత నూలుగుడ్డ యింటిలో లేకపోవుట.

ప్రదర్శనములో పలువురు బొంతలకు వెల యడిగిరి. నగరమునుండి వచ్చిన యొకరు గొల్లభామ బొంతకు ఎనిమిది వందలిత్తునని, అది చాల హెచ్చు ధర యైనట్లు చెప్పిరి. ఇచ్చట మేము గణితోపాధ్యాయుని లెక్కను వారికి జూపితిమి. చేతికుట్టును పొగడువారు దానికి కూలి గట్టుటకు వెనుకాడుట క్రొత్తగాదు. మిషనులకు ఈ చరిత్ర తెలిసియుండవలెను. పందొమ్మిదవ శతాబ్దమున నరసాపుర ప్రాంతమున మిషనరీ స్త్రీలు లేసు అల్లిక నేర్పిరి. అది విదేశములకు ఎగుమతియై పెద్ద వ్యాపార మయ్యెను. 1982లో మరియా మీస్ అను పండితురాలు ఆ లేసు అల్లు స్త్రీలను గూర్చి యొక పుస్తకము ప్రకటించెను. దినమెల్ల పనిచేయు ఆ స్త్రీలను తీరికవేళ అల్లుకొను గృహిణులుగా నెంచుటచేతనే వారికి స్వల్పమైన కూలి, వర్తకులకు లాభము నిలిచెనని యామె చూపించెను. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది, సంతోషమే. గుర్తింపుతోబాటు కూలియు పెరుగవలెను గదా. అందుచే మా ప్రదర్శనములో నే బొంతయు అమ్మకమునకు లేదని రెండవనాడే చీటి యంటించితిమి. అమ్మదలచినవారు దినములను లెక్కించి, తమ యింటిలో మాటలాడుకొని, తామే వెల నిర్ణయింతురు.

పిల్లలు కుట్టిన మొదటి బొంత ముగిసినది. దాని వరుసలు తిన్నగా లేవు. ఒక మూల పువ్వు ఊడుచున్నది. దానిని ఆయాకు ఇచ్చితిమి. రెండవది సగమున నున్నది. వేసవి సెలవుల తరువాత ప్రతి శనివారము మధ్యాహ్నము రెండు గంటలకు చేతిపనుల గదిలో తరగతి జరుగును, తల్లులును రావచ్చును. దబ్బనములు, దారము పాఠశాలయే యిచ్చును. పాత నూలుచీరలు, పంచెలు, చొక్కాలు ఉన్నవారు ఉతికి యెండబెట్టి పిల్లలచేత పంపగోరుచున్నాము. గుండీలు తీసి పంపవలెను. జేబులు మాత్రము విప్పవలదు.